బ్యాక్ ఏ చేతివైపు ఉండాలి?

కొత్త ఫోన్ చేతికి రాగానే చాలామంది ముందుగా మార్చేది వాల్‌పేపర్, ఆ తర్వాత రింగ్‌టోన్. రోజంతా బొటనవేలు పడిలేచే చోటు మాత్రం కంపెనీ ఎలా పంపితే అలాగే ఉండిపోతుంది. వెనక్కి రావడం, హోమ్‌కు పోవడం, తెరిచి ఉంచిన యాప్‌ల మధ్య తిరగడం: ఫోన్‌తో ఏ పని చేసినా మధ్యలో ఈ మూడూ తగులుతూనే ఉంటాయి. అందులోనూ బ్యాక్‌దే పెద్ద వాటా. ఫొటో చూసి జాబితాకు రావాలన్నా, కీబోర్డు దించాలన్నా, పొరపాటున తెరుచుకున్న ప్రకటన నుంచి బయటపడాలన్నా బ్యాక్ కావాలి. హోమ్‌కు వెళ్లాలని గట్టిగా అనుకున్నప్పుడే హోమ్ నొక్కుతాం. బ్యాక్ అలా కాదు, అనుకోకుండానే వేలు దాని మీదికి పోతుంది.

అందుకే నావిగేషన్ అమరికను బ్యాక్ చుట్టూ కట్టుకోవాలంటాను. బొటనవేలు సాగకుండా, ఫోన్ చేతిలో ఒరగకుండా బ్యాక్ అందాలి. మిగతావి ఆ తర్వాత సర్దుకోవచ్చు. వేలిని జరిపి పని చేయించే జెస్చర్లు కొత్తవి కనుక మంచివి, మూడు బటన్లు పాతవి కనుక వదిలేయాల్సినవి అన్న భావన బాగా పాతుకుపోయింది. దానివల్ల ఎంతోమంది తమ చేతికి నప్పని అమరికతో ఏళ్ల తరబడి సర్దుకుపోతున్నారు. మార్చుకోవడానికి పట్టేది రెండు నిమిషాలే.

ఈ వరుస ఎవరు పెట్టారు?

ఇప్పుడు మన ఫోన్‌లో ఉన్న వరుస మొదటినుంచీ ఉన్నదేమీ కాదు. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్‌కు తెర కింద నిజమైన బటన్లు ఉండేవి. కాల్ చేయడానికి ఒకటి, ముగించడానికి ఒకటి, హోమ్, బ్యాక్, మెనూ, వాటి మధ్య వేలితో దొర్లించే ట్రాక్‌బాల్. 2011లో ఆండ్రాయిడ్ 4.0తో గెలాక్సీ నెక్సస్ వచ్చినప్పుడు ఆ బటన్లు తెర లోపలికి చేరాయి. ఎడమన బ్యాక్, నడుమ హోమ్, కుడిన తెరిచి ఉంచిన యాప్‌లను చూపే రీసెంట్స్. అదే ఏడాది నోకియా ఎన్9 ముందువైపు ఒక్క బటనూ లేకుండా, అంచు నుంచి వేలు జరిపి నడిపించే ఫోన్‌గా వచ్చింది. అంటే జెస్చర్ అనే ఆలోచన కూడా అంత కొత్తదేం కాదు.

శామ్‌సంగ్ దారి వేరు. తన గెలాక్సీ ఫోన్లలో నడుమ నొక్కుడు హోమ్ బటన్ ఉంచి, బ్యాక్‌ను కుడివైపు పెట్టింది. 2017లో ఎస్8తో బటన్లను తెరమీదికి తెచ్చినప్పుడు కూడా బ్యాక్‌ను కుడివైపే ఉంచింది. ఆ ఏడాదే ఐఫోన్ టెన్ హోమ్ బటన్‌ను తీసేసి, కింది నుంచి పైకి జరపడాన్ని దాని స్థానంలో పెట్టింది. 2018లో ఆండ్రాయిడ్ 9 మాత్ర ఆకారంలో ఒక హోమ్ గుర్తు, పక్కన చిన్న బ్యాక్ బాణం పెట్టి మధ్యేమార్గం ప్రయత్నించింది. 2019లో ఆండ్రాయిడ్ 10 పూర్తి జెస్చర్లు తెచ్చింది. బ్యాక్ కోసం కుడి, ఎడమ రెండు అంచులనూ వాడింది.

పదకొండేళ్లలో ఇన్ని మార్పులు. వీటిలో ఏదీ మన చేతిని కొలిచి చేసినది కాదు. ఒక కంపెనీ ఫోన్ నుంచి మరో కంపెనీ ఫోన్‌కు మారినవాళ్లు బ్యాక్ నొక్కబోయి రీసెంట్స్ నొక్కేది ఈ వరుసల తేడా వల్లే. వేలికి ఒకసారి అలవాటైన చోటు అంత తేలిగ్గా మరుపుకు రాదు. కొత్త ఫోన్‌కు వేలిని అలవాటు చేసే కన్నా, వేలికి అలవాటైన వరుసలోకి ఫోన్‌ను తెచ్చుకోవడం తేలిక.

మూడు బటన్ల పక్షాన

బటన్ల మీద మొదటి ఫిర్యాదు తెరలో చోటు తినేస్తాయని. ఎంత తింటాయో లెక్కేద్దాం. ఆండ్రాయిడ్‌లో తెరమీద కొలతలకు డీపీ అనే ప్రమాణం వాడతారు. అంగుళానికి 160 డీపీలు అని లెక్క. మూడు బటన్ల పట్టీ ఎత్తు మామూలుగా 48 డీపీ, అంటే అంగుళంలో మూడు పదో వంతులు, ఏడున్నర మిల్లీమీటర్లు. తెర ఎత్తు 850 డీపీ అనుకుంటే పట్టీ వాటా అయిదున్నర శాతం చిల్లర. వీడియో నిండు తెరలో పెట్టినప్పుడు, చాలా గేముల్లోనూ అది ఎలాగూ దాక్కుంటుంది. జెస్చర్ మోడ్‌లో కూడా అడుగున సన్నగీత కోసం కొంత చోటు పోతుంది. అసలు తేడా చాట్ జాబితాలో ఇంకో అరవరుస కనపడటమే. దానికోసం అలవాటైన బటన్లు వదులుకోవడం నా దృష్టిలో లాభసాటి బేరం కాదు.

ఆ 48 డీపీ కూడా ఊరికే పెట్టింది కాదు. వేలితో తాకే ఏ వస్తువైనా కనీసం 48 డీపీ ఉండాలని గూగుల్ యాప్‌లు తయారుచేసేవారికి చెబుతుంది. వేలికొన తప్పకుండా తగలాలంటే అంత చోటు అవసరం.

రెండో ఫిర్యాదు అమోలెడ్ తెరల మీద ఆ గుర్తుల ముద్ర పడిపోతుందని. ఇందులో కొంత నిజముంది. ఒకేచోట ఏళ్లతరబడి వెలిగే గుర్తు అక్కడి పిక్సెళ్లను మిగతావాటికంటే వేరేగా అరగదీస్తుంది. 2017లో గూగుల్ ఫోన్ పిక్సెల్ 2 ఎక్స్‌ఎల్ తెరల మీద ఇలాంటి ఫిర్యాదులు వచ్చినప్పుడు, కాసేపు ముట్టుకోకపోతే బటన్లు మసకబారేలా గూగుల్ అప్‌డేట్ ఇచ్చింది. తెర వెలుగు ఎప్పుడూ నిండుగా పెట్టుకునే అలవాటు మానుకుని, డార్క్ మోడ్ పెట్టుకుంటే ఈ భయం చాలావరకు తగ్గుతుంది. బటన్లు వదులుకునేంత కారణం ఇది కాదు.

ఇక బటన్లు ఇచ్చే లాభం ఏమిటంటే, అవి కళ్లకు కనిపిస్తాయి, ఒకే చోట ఉంటాయి, నొక్కితే పని అవుతుంది. వేగం, కోణం, ఎంతసేపు ఆపాలి అన్న షరతులుండవు. చేతిలో సంచి ఉన్నా, వేలు కాస్త తడిగా ఉన్నా తాకితే చాలు. రీసెంట్స్‌ను రెండుసార్లు గబగబా నొక్కితే ఇంతకుముందు వాడిన యాప్‌లోకి పోతారు. రెండు యాప్‌ల మధ్య అంకెలు చూసుకుంటూ టైప్ చేసేవారికి ఇది ఎంత పనికొస్తుందో వాడితేనే తెలుస్తుంది.

మార్చే దారి ఫోన్‌ను బట్టి మారుతుంది. పిక్సెల్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, జెస్చర్స్, సిస్టమ్ నావిగేషన్. కొత్త వెర్షన్లలో సిస్టమ్ లోపలే నావిగేషన్ మోడ్ అని కనిపిస్తుంది. శామ్‌సంగ్‌లో సెట్టింగ్స్, డిస్‌ప్లే, కిందికి జరిగితే నావిగేషన్ బార్. బటన్లు ఎంచుకున్నాక అక్కడే బటన్ ఆర్డర్ ఉంటుంది, బ్యాక్‌ను ఎడమకో కుడికో పెట్టుకోవచ్చు. షావోమీలో సెట్టింగ్స్, హోమ్ స్క్రీన్, సిస్టమ్ నావిగేషన్. బటన్లు ఎంచుకుంటే వరుసను తిరగేసే మిర్రర్ మీట దొరుకుతుంది. మిగతా ఏ ఫోన్‌లోనైనా సెట్టింగ్స్ పైనున్న వెతికే గడిలో నావిగేషన్ అని కొడితే చాలు. ఫోన్ భాషను తెలుగులో పెట్టుకున్నవారు జెస్చర్స్ కోసం కాకుండా సంజ్ఞలు అన్న మాట కోసం చూడాలి.

వరుస ఎలా ఉండాలో తేల్చుకోవడానికి సెట్టింగ్స్ పేజీలోని బొమ్మ పనికిరాదు. ఫోన్‌ను మామూలుగా పట్టుకునే చేత్తో, మామూలుగా పట్టుకునే ఎత్తులోనే పట్టుకోండి. తెరవైపు చూడకుండా బొటనవేలిని కిందికి దించండి. అది ఎక్కడ ఆగితే బ్యాక్ అటువైపు ఉండాలి. కుడిచేత్తో ఫోన్‌ను అడుగుభాగంలో పట్టుకునేవారికి సాధారణంగా కుడివైపు దగ్గరవుతుంది. ఎడమ మూలకు చేరాలంటే బొటనవేలు తెర వెడల్పంతా దాటాలి, ఫోన్ ఎడమకు ఒరుగుతుంది, చేయి జారేది అప్పుడే. అదే ఫోన్‌ను దాని మధ్యభాగందాకా పైకి పట్టుకునేవారికి కుడి మూల కూడా ఇబ్బందే, ఎందుకంటే బొటనవేలిని పూర్తిగా మడవాలి. అలాంటివారికి రెండు మూలలూ దూరమే. వారి సంగతి కిందికి వస్తుంది. రెండు చేతులతో పట్టుకుని టైప్ చేసేవారు మాత్రం వరుస గురించి ఆలోచించక్కర్లేదు, పాత ఫోన్‌లో ఏది ఉంటే అదే ఉంచుకోవాలి.

గూగుల్ సొంత ఆండ్రాయిడ్‌లో ఈ వరుస తిరగేసే మీట చాలాకాలం ఇవ్వనే లేదు. ఎడమచేతివాటం, కుడిచేతివాటం అనేవి మనిషికి పుట్టుకతో వచ్చేవి. ఫోన్ మొదటిసారి తెరిచినప్పుడు భాష అడిగి, వైఫై అడిగి, వేలిముద్ర తీసుకునే ఆ పేజీల్లోనే ఏ చేత్తో పట్టుకుంటారన్న ప్రశ్న కూడా ఉండితీరాలని నేను గట్టిగా నమ్ముతాను.

జెస్చర్లు ఎక్కడ గెలుస్తాయి, ఎక్కడ తప్పుతాయి

జెస్చర్లకున్న నిజమైన బలం తెర చోటు మిగలడం కాదు. బ్యాక్ కోసం బొటనవేలు కిందికి దిగక్కర్లేదు. అంచు పొడవునా ఎక్కడినుంచైనా లోపలికి జరిపితే చాలు, కుడి అంచైనా ఎడమ అంచైనా ఒకటే. పొడుగాటి ఫోన్‌ను మధ్యభాగంలో పట్టుకునేవారికి ఇంతకంటే దగ్గరి బ్యాక్ ఇంకోటి లేదు. మీ చేయి ఆ రకమైతే నిస్సంకోచంగా జెస్చర్లకు మారండి. కానీ అవి ఎలా పనిచేస్తాయో తెలిసి మారితేనే సుఖం. సాధారణంగా ఎవరూ ఇది చెప్పరు.

అంచునుంచి వేలు జరపగానే బాణం గుర్తు వస్తుంది. పని జరిగేది అది కనిపించినప్పుడు కాదు, వేలు ఎత్తినప్పుడు. వద్దనుకుంటే వేలు ఎత్తకుండానే మళ్లీ అంచువైపు జరిపి వదిలితే బ్యాక్ రద్దవుతుంది. సగం టైప్ చేసిన ఫారం పోకుండా కాపాడేది ఈ ఒక్క కదలికే. వేలు అడ్డంగా కాకుండా ముందు నిలువుగా కదిలితే సిస్టమ్ దాన్ని స్క్రోల్ కింద లెక్కేసి బ్యాక్‌ను వదిలేస్తుంది. అంచుమీద వేలు కదలకుండా కాసేపు ఆగినా అంతే, ఆ తాకిడి యాప్‌కు వెళ్లిపోతుంది. బ్యాక్ ఒక్కోసారి పనిచేయడంలేదు అన్నవారిలో చాలామంది ఈ రెంటిలో ఒకటి చేస్తుంటారు. ముఖ్యంగా బొటనవేలు సహజంగా గీసేది అడ్డగీత కాదు, వంపు. ఆ వంపు మొదట్లో నిలువుగా ఉంటే జెస్చర్ తప్పుతుంది.

రీసెంట్స్ విషయంలో పొరపాటు ఇంకోరకం. కిందినుంచి పైకి ఎక్కువ దూరం జరిపితే రీసెంట్స్, తక్కువ జరిపితే హోమ్ అనుకుంటారు. నిజానికి సిస్టమ్ చూసేది దూరాన్ని కన్నా వేలు ఆగడాన్ని. పైకి జరిపి ఒక్క క్షణం వేలిని నిలిపితే రీసెంట్స్ వస్తుంది. ఆగకుండా విసిరితే ఎంత పైదాకా పోయినా హోమే. యాప్‌ల మధ్య మారడానికి అసలు అంత దూరం పోనక్కర్లేదు. అడుగునున్న సన్నగీత మీద వేలిని అడ్డంగా జరిపితే ముందు వాడిన యాప్ వచ్చేస్తుంది.

ఎక్కువ గొడవ తెచ్చేది అంచు. ఫొటో కత్తిరించే గీత, పాట ముందుకు జరిపే పట్టీ, యాప్‌లో ఎడమనుంచి లాగే మెనూ, ఇవన్నీ అంచుకు ఆనుకుని ఉంటాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి యాప్ తయారుచేసేవారు తమకు కావలసిన చోట బ్యాక్ పనిచేయకుండా అంచులో కొంత భాగం మినహాయించుకోవచ్చు. అయితే ఒక్కో అంచున మొత్తం 200 డీపీ వరకే. లెక్కప్రకారం అది అంగుళంపావు, అంటే 32 మిల్లీమీటర్లు. అంతకుమించి అడిగినా సిస్టమ్ ఇవ్వదు, లేకపోతే ఏదో ఒక యాప్ అంచు మొత్తాన్ని కాజేసి వాడేవారిని బయటకు రానివ్వకుండా చేయగలదు. ఈ పరిమితి సరైనదే. దాని పర్యవసానం మాత్రం మనం తెలుసుకోవాలి: ఒకే యాప్‌లో అంచున కొన్నిచోట్ల బ్యాక్ పనిచేసి, కొన్నిచోట్ల పనిచేయకపోతే ఫోన్ చెడిపోయినట్టు కాదు, ఆ యాప్ ఆ భాగాన్ని అడిగి తీసుకుంది. కాస్త పైనుంచో కిందినుంచో జరిపితే బ్యాక్ వస్తుంది.

పక్కనుంచి లాగే మెనూ తెరవాలంటే పైన మూడు గీతల గుర్తును నొక్కడమే మంచిది. అంచుమీద వేలును కాసేపు ఆపి లాగితే కూడా చాలా యాప్‌ల్లో తెరుచుకుంటుంది. కానీ ఆ ఆపడం ఎంతసేపో వేలికి పట్టుబడేదాకా పదిసార్లు బ్యాక్ పడుతుంది.

సెన్సిటివిటీ మీట దగ్గర కొంచెం ఓపిక కావాలి. జెస్చర్ ఎంపిక పక్కనున్న చక్రం గుర్తు నొక్కితే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 10లో రెండు అంచులకూ కలిపి ఒకటే మీట ఉండేది, ఆండ్రాయిడ్ 11 నుంచి ఎడమకూ కుడికీ వేరువేరు. ఎక్కువ పెడితే అంచునుంచి లోపలికి మరింత వెడల్పైన భాగం బ్యాక్‌కు చెందుతుంది, తక్కువ పెడితే సన్నబడుతుంది. చాలామంది రెండూ ఒకేలా ఉంచేస్తారు. అలా వద్దు. బొటనవేలు ఉన్నవైపు ఎక్కువగా, రెండోవైపు అతి తక్కువగా పెట్టండి. కుడిచేత్తో పట్టుకునేవారు ఎడమ అంచునుంచి బ్యాక్ చేయడం అరుదు, యాప్ మెనూలు, ఫొటో గీతలు ఎక్కువగా ఉండేది అటువైపే. ఈ ఒక్క మార్పుతో అనుకోని బ్యాక్‌లు చాలావరకు పోతాయి. జెస్చర్లతో విసిగిపోయి బటన్లకు మారాలనుకునేవారు ముందు ఇది చేసి చూడాలి.

ఫోన్‌కు తొడిగిన కవరు సంగతి కూడా చూడండి. కవరు అంచు తెరకంటే ఎత్తుగా ఉంటే వేలు తెర చివరనుంచి కాక కొంచెం లోపలినుంచి మొదలవుతుంది. జెస్చర్ మొదలవ్వాల్సింది సరిగ్గా ఆ చివరి కొద్దిమేరలోనే. కింది అంచుకూ ఇదే బాధ, హోమ్‌కు పోదామని జరిపితే యాప్‌లోని జాబితా పైకి కదులుతుంది. మందపాటి గ్లాసు గార్డు అంచులు సరిగా అతుక్కోకపోయినా ఇలాగే అవుతుంది. కవరు తీసి పది నిమిషాలు వాడి చూస్తే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది. కవరే కారణమైతే దాన్ని మార్చాలి, లేదా ఆ వైపు సెన్సిటివిటీ పెంచాలి. వంపు అంచుల తెర ఉన్న ఫోన్లలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: పట్టుకున్న అరచేయే అంచును తాకుతుంటుంది. అక్కడ తగ్గించాలి.

గేముల్లో, నిండుతెర వీడియోల్లో బ్యాక్‌కు రెండుసార్లు జరపాల్సివస్తే అది లోపం కాదు. మొదటిసారి జరిపితే దాక్కున్న పట్టీ బయటికి వస్తుంది, రెండోసారి పని జరుగుతుంది. ఆట మధ్యలో పొరపాటున బయటికి పోకుండా అలా పెట్టారు.

హోమ్ స్క్రీన్‌ను చూపే యాప్‌ను లాంచర్ అంటారు; ఫోన్‌తో వచ్చినది కాక వేరే లాంచర్ వాడేవారికి ఒక హెచ్చరిక. జెస్చర్ మోడ్‌లో రీసెంట్స్‌ను చూపించేది ఫోన్‌తోపాటు వచ్చిన లాంచరే. బయటి లాంచర్ పెట్టినా రీసెంట్స్ పని దానిదే. హోమ్‌కు పోయేటప్పుడు రెండు లాంచర్లు చేతులు మార్చుకోవాలి కనుక కదలిక తెగినట్టు అనిపించడం, ఐకాన్లు ఒక క్షణం ఆలస్యంగా రావడం జరుగుతుంది. ఆండ్రాయిడ్ 10 కొత్తలో ఇది చాలా ఇబ్బందిపెట్టింది, తర్వాత మెరుగైంది. షావోమీ ఫోన్లలో చాలాకాలం బయటి లాంచర్ పెడితే జెస్చర్లు పోయి బటన్లే మిగిలేవి. లాంచర్ మీద మక్కువ ఎక్కువైతే మూడు బటన్లే నిక్కచ్చిగా పనిచేస్తాయి.

ఆండ్రాయిడ్ 13లో పునాది వేసి, ఆండ్రాయిడ్ 15 నాటికి సిద్ధంగా ఉన్న యాప్‌లన్నిటిలో కనిపించేలా చేసిన ముందుచూపు బ్యాక్ మాత్రం జెస్చర్లలో నాకు బాగా నచ్చిన మెరుగుదల. వేలు జరుపుతుండగానే వెనకున్న పేజీ తొంగిచూస్తుంది. వెళ్లబోయేది హోమ్‌కా, యాప్‌లోనే ముందటి పేజీకా అన్నది వేలు ఎత్తకముందే తెలుస్తుంది. అనుకోకుండా యాప్ మూసుకుపోయే బాధ దీనివల్ల తగ్గుతుంది.

అనుబంధ మీటలు

వీటికి తోడు గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో పవర్ బటన్ నొక్కిపడితే ఫోన్ ఆపే మెనూకు బదులు అసిస్టెంట్ వస్తోంది. పిక్సెల్‌లో జెస్చర్స్ కింద, శామ్‌సంగ్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్‌లో సైడ్ బటన్ కింద దాన్ని పవర్ మెనూగా మార్చుకోవచ్చు. హోమ్ బటన్‌ను గానీ అడుగు గీతను గానీ నొక్కిపడితే వచ్చే, తెరమీది వస్తువు చుట్టూ గీసి వెతికే సర్కిల్ టు సెర్చ్ అవసరం లేకపోతే నావిగేషన్ పేజీలోనే ఆపేయొచ్చు. కింది మూలల నుంచి ఏటవాలుగా జరిపితే అసిస్టెంట్ లేచే జెస్చర్‌ను మాత్రం తప్పకుండా ఆపమంటాను. హోమ్‌కు పోయే వంపు దానికి తగిలి మాటిమాటికీ అసిస్టెంట్ లేస్తుంటుంది. పొడుగు ఫోన్లకు ఒంటిచేతి మోడ్ ఉంది, అడుగు అంచున కిందికి జరిపితే తెర పైభాగం కిందికి దిగుతుంది.

శామ్‌సంగ్ ఫోన్‌లో ఇంకా లోతుగా మార్చాలంటే గుడ్ లాక్ అనే ఆ కంపెనీ సొంత యాప్, అందులో నావ్‌స్టార్ అనే భాగం ఉంది. బటన్ల బొమ్మలు మార్చడం, వాటి మధ్య ఎడం సర్దడం, స్క్రీన్‌షాట్ వంటి అదనపు బటన్ పెట్టుకోవడం, జెస్చర్ గీతను దాచడం దానితో అవుతుంది. బటన్లు ఎక్కువ చేర్చకండి. ఒకటి చేర్చిన ప్రతిసారీ మిగతావన్నీ పక్కకు జరుగుతాయి, వేలికి అలవాటైన బ్యాక్ కూడా జరుగుతుంది.

బయటి యాప్‌లకు తాళంచెవి ఇచ్చేముందు

తెరమీద తేలే బ్యాక్ బటన్ ఇచ్చేవి, అంచులకు కొత్త పనులు అప్పగించేవి బయటి యాప్‌లు చాలా ఉన్నాయి. బటన్ విరిగిన ఫోన్‌కు అవి ప్రాణం పోస్తాయి, అందుకు సందేహం లేదు. కానీ అవి పనిచేయాలంటే, వైకల్యం ఉన్నవారికి సాయపడేందుకు పెట్టిన యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వాలి. ఎందుకంటే మామూలు యాప్‌కు మరో యాప్‌లో బ్యాక్ నొక్కే అధికారం ఉండదు. ఆ అధికారం యాక్సెసిబిలిటీ సేవలకే ఉంది, అదే అనుమతితో తెరమీది రాతలు చదవడమూ, మన తరఫున నొక్కడమూ కుదురుతుంది. ఒక్క బ్యాక్ బటన్ కోసం ఫోన్ మొత్తానికి తాళంచెవి ఇవ్వడమే అది. కనుక ఫోన్‌లోనే ఉన్న యాక్సెసిబిలిటీ మెనూతో పని జరుగుతుందేమో ముందు చూడండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి దాన్ని ఆన్ చేస్తే చిన్న గుర్తు వస్తుంది. నొక్కితే తెర తాళం, వాల్యూమ్, రీసెంట్స్, స్క్రీన్‌షాట్ పెద్ద బటన్లుగా కనిపిస్తాయి.

తప్పదు, బయటిదే కావాలంటే అధికారిక స్టోర్ నుంచే తీసుకోండి, ఇంటర్నెట్ అనుమతి అడగనిదాన్ని ఎంచుకోండి. బయటినుంచి ఫైలుగా ఎక్కించిన యాప్‌కు ఆండ్రాయిడ్ 13 నుంచి ఈ అనుమతి నేరుగా ఇవ్వనివ్వదు, మీట మసకగా ఉంటుంది. దాన్ని దాటే దారి ఉన్నా, ఆ అడ్డు పెట్టింది మన మంచికే. కొన్ని బ్యాంకు యాప్‌లు ఇలాంటి సేవ ఆన్‌లో ఉంటే తెరుచుకోవు, అప్పుడు దాన్ని ఆపి పని కానివ్వాలి. రెండురోజులు పనిచేసి తేలే బటన్ మాయమైపోతే, బ్యాటరీ ఆదా చేసేందుకు సిస్టమ్ ఆ సేవను ఆపేసి ఉంటుంది. ఆ యాప్ వివరాల పేజీలో బ్యాటరీ కింద అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టాలి. అసలు పట్టీని పూర్తిగా మాయం చేసే పాత చిట్కాలు కంప్యూటర్‌కు కలిపి ఆదేశాలిచ్చేవి. వాటిలో బాగా వాడుకలో ఉన్నవి ఆండ్రాయిడ్ 11తో పనిచేయడం మానేశాయి. పాత వీడియోలు చూసి గంటలు వృథా చేసుకోవద్దు.

ఐఫోన్ వాడేవారికి ఇన్ని ఎంపికలు లేవు. హోమ్ జెస్చర్‌ను మార్చలేరు. ఉన్నవాటిలో మంచిది సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టచ్ లోపలున్న అసిస్టివ్ టచ్. తెరమీద తేలే ఆ గుండ్రటి బటన్‌కు ఒకసారి తడితే ఒకటి, రెండుసార్లు తడితే మరొకటి, నొక్కిపడితే ఇంకొకటి అని పనులు కేటాయించొచ్చు. ఒక్క తట్టుకు హోమ్ పెట్టుకుంటే పాత హోమ్ బటన్ తిరిగి వచ్చినట్టే. అక్కడే అడుగున బ్యాక్ ట్యాప్ ఉంటుంది. 2020లో ఐఓఎస్ 14తో వచ్చింది, ఐఫోన్ 8, ఆ తర్వాతి ఫోన్లలో పనిచేస్తుంది. ఫోన్ వీపు మీద రెండుసార్లో మూడుసార్లో తడితే ఎంచుకున్న పని జరుగుతుంది. మూడు తట్లే పెట్టుకోండి. రెండు తట్లయితే బల్లమీద పెట్టినప్పుడు కూడా అది లేస్తుంది.

పెద్దవారి ఫోన్ సర్దేటప్పుడు

ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. వయసు పైబడినవారికి, చేయి వణికేవారికి, స్మార్ట్‌ఫోన్ మొదటిసారి పట్టుకున్నవారికి మూడు బటన్లే పెట్టాలి. జెస్చర్ కళ్లకు కనిపించదు, గుర్తుపెట్టుకోవాల్సిందే. వణికే వేలికి ఆగడం, తిన్నగా జరపడం, సరిగ్గా అంచునుంచి మొదలుపెట్టడం మూడూ కష్టమే. బటన్ కనిపిస్తుంది, ఫోన్ కాల్‌లోనే వివరించడానికీ తేలిక: ఎడమనున్న త్రికోణం నొక్కు నాన్నా అనొచ్చు. అంచునుంచి లోపలికి జరిపి వదులు అని చెప్పి చూడండి, ఎన్నిసార్లు చెప్పాల్సివస్తుందో తెలుస్తుంది.

బటన్లు పెట్టి ఊరుకోకుండా ఇంకో మూడు చేయండి. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలో టచ్ అండ్ హోల్డ్ డిలే అనే మీటను మీడియం గానీ లాంగ్ గానీ చేయండి. వేలు కాస్త ఎక్కువసేపు ఆనినా నొక్కిపట్టినట్టు లెక్కపడదు, అసిస్టెంట్ తనంతట తాను లేవదు. హోమ్ నొక్కిపడితే వచ్చే పనులన్నీ ఆపేయండి. పాత ఫోన్‌లో బ్యాక్ ఏ వైపు ఉండేదో అడిగి, కొత్తదాంట్లోనూ అటే పెట్టండి. మీ ఫోన్ ఎలా ఉందో దానికి ఇక్కడ పనిలేదు.

చూపు లేనివారు తెరమీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడేటప్పుడు లెక్కంతా మారిపోతుంది. ఒక వేలి స్వైప్‌లన్నీ తెరమీది వస్తువులు చదివించడానికి పోతాయి. జెస్చర్ మోడ్ ఉంటే హోమ్‌కు రెండు వేళ్లతో కిందినుంచి జరపాలి. అంచులతో పనిలేకుండా టాక్‌బ్యాక్ సొంత గీతలూ ఉన్నాయి: కిందికి జరిపి ఆగకుండా ఎడమకు మలిపితే బ్యాక్, పైకి జరిపి ఎడమకు మలిపితే హోమ్, ఎడమకు జరిపి పైకి మలిపితే రీసెంట్స్. తెరమీద ఎక్కడ గీసినా పనిచేస్తాయి. టాక్‌బ్యాక్ వాడేవారి ఫోన్‌లోనూ బటన్లు ఉంచడమే మేలంటాను, ఎందుకంటే పక్కనున్నవారు సాయం చేయాల్సి వచ్చినప్పుడు వాళ్లకూ అవి కనిపిస్తాయి.

పెద్ద అప్‌డేట్ తర్వాత ఈ అమరికలను ఒకసారి తెరిచి చూసుకోవాలి. 2024లో శామ్‌సంగ్ సొంత సాఫ్ట్‌వేర్ వన్ యూఐ 6.1తో ఆ కంపెనీ ఫోన్లలో, కింది అంచునుంచే మూడు పనులూ చేసుకునే పాత స్వైప్ పద్ధతి, జెస్చర్ గీతను దాచే మీట మామూలు సెట్టింగ్స్ నుంచి మాయమయ్యాయి. అవి మళ్లీ కావాలంటే గుడ్ లాక్ ఎక్కించుకుని నావ్‌స్టార్ ద్వారా పెట్టుకోవాల్సివచ్చింది. కింది అంచు పద్ధతికి అలవాటుపడ్డవారిలో ఎంతమందికి అలాంటి యాప్ ఒకటుందని తెలిసి ఉంటుంది? వేలికి ఏళ్లుగా అలవాటైన పద్ధతిని కొద్దిమందే వాడుతున్నారని తీసేయడం తప్పు. ఆ కొద్దిమందిలో చాలామందికి అది ఇష్టం కొద్దీ ఎంచుకున్నది కాదు, వాళ్ల చేతికి కుదిరింది అదొక్కటే. అప్‌డేట్ అయిన రోజు చూడాల్సినవి నాలుగు: నావిగేషన్ రకం, బటన్ల వరుస లేదా అంచుల సెన్సిటివిటీ, పవర్ బటన్ నొక్కిపడితే ఏం వస్తోంది, హోమ్ నొక్కిపడితే ఏం వస్తోంది. వాటి స్క్రీన్‌షాట్లు ముందే తీసి ఉంచుకుంటే, ఏది మారిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.